ఉప్పునీటి తొట్టెలో తెట్టు తీసే గొట్టం

మన కాలేజీలో జంతుశాస్త్ర విభాగం మెట్లెక్కి కుడివైపు తిరగగానే కనిపించే అద్దాల తొట్టెను చూడనివాళ్ళు ఉండరనుకుంటాను. తెల్ల పట్టీలున్న నారింజరంగు క్లౌన్ చేపలు రెండు అందులో తిరుగుతుంటాయి. చూడవచ్చినవాళ్ళు మొదట చేపల పేరు అడుగుతారు. తరువాత తొట్టె పక్కన నిలబెట్టిన గొట్టాన్నీ, దాని నెత్తిన ఉన్న గిన్నెలో పోగయిన టీ డికాషన్ లాంటి ద్రవాన్నీ చూస్తారు. ఆ తరువాత ముక్కు మూసుకుంటారు. "ఇంత అందమైన చేపల పక్కన ఈ కంపు గిన్నె ఏమిటండీ?" అని అడిగినవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళందరికీ ఒక్కసారే సమాధానం చెబుదామని ఈ వ్యాసం రాస్తున్నాను.

మరో కారణం కూడా ఉంది. మా బ్యాచ్ ఈ ఏడాదితో వెళ్ళిపోతున్నది. తొట్టె ఇక తమ్ముళ్ళ, చెల్లెళ్ళ చేతుల్లోకి వస్తుంది. ఆ గొట్టం ఎందుకుందో తెలియకపోతే, కంపు భరించలేక ఎవరో ఒకరు దాన్ని పీకి అవతల పెడతారేమోనని నా భయం. కాబట్టి పాఠక మిత్రులు కాస్త ఓపికగా చదవవలసిందిగా మనవి.

ఇంగ్లీషులో దాని పేరు ప్రోటీన్ స్కిమ్మర్. మన మాటల్లో చెప్పాలంటే తెట్టు తీసే గొట్టం.

తేట నీటి మోసం

రెండేళ్ళ క్రితం సైన్సు ఎగ్జిబిషన్ కోసమని మేము ముగ్గురం కలిసి ఈ తొట్టెను సిద్ధం చేశాం. నాలుగడుగుల పొడుగు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. గులకరాళ్ళు పోను దాదాపు 200 లీటర్ల నీళ్ళు పడతాయి. విశాఖపట్నంలో ఉండి సముద్రపు నీటికి కరువేమిటి? మరపడవల వాళ్ళను బతిమాలి, తీరానికి దూరంగా పట్టిన నీటిని క్యాన్లలో తెప్పించుకున్నాం. హ్యాచరీలో పుట్టి పెరిగిన క్లౌన్ చేపలు రెండు, నీలిరంగు డామ్సెల్ చేపలు నాలుగు తెచ్చాం. పగడాల జోలికి మాత్రం పోలేదు. రాతి పగడాలకు మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది; వాటిని సేకరించినా, అమ్మినా నేరమే.

స్పాంజి ఫిల్టరు పెట్టాం, గాలి పంపు పెట్టాం. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. ఎగ్జిబిషన్‌కు వచ్చినవాళ్ళు మెచ్చుకుంటుంటే మా కాళ్ళు నేలమీద లేవు. చేపలమీద ప్రేమకొద్దీ పొద్దున ఒకరం, మధ్యాహ్నం ఒకరం, సాయంత్రం ఇంకొకరం ఉడికించిన రొయ్య ముక్కలు వేసేవాళ్ళం. ఒకరు వేసింది ఇంకొకరికి తెలియదు.

ఐదో వారంలో నీటిపైన సన్నగా నూనె తెరలాంటిది కట్టింది. ఎవరమూ పట్టించుకోలేదు. ఒక సోమవారం పొద్దున తలుపు తీసేసరికి రెండు డామ్సెల్ చేపలు పైకి తేలి ఉన్నాయి. మిగిలినవి నీటి ఉపరితలానికి వచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. సాయంత్రానికి మరో రెండు పోయాయి.

మా లెక్చరర్ గారు వచ్చి చూశారు. "నీళ్ళు తేటగానే ఉన్నాయి కదా సార్" అన్నాను నేను, నన్ను నేను సమర్థించుకుంటూ.

"ఉప్పు కలిపిన నీళ్ళూ తేటగానే ఉన్నాయి. ఉప్పు లేదంటావా?" అన్నారాయన.

తరువాత ఒక తెల్ల కాగితం తెప్పించి తొట్టెకు ఆ కొసన నిలబెట్టించి, ఈ కొస నుంచి నన్ను చూడమన్నారు. నాలుగడుగుల నీటి గుండా చూస్తే ఆ కాగితం పాత పుస్తకం పేజీలా పసుపుపచ్చగా కనిపించింది. ఎదురుగా నిలబడి అడుగున్నర మందంలోంచి చూసినన్నాళ్ళూ మాకది తెలియలేదు. పైన పటారం, లోన లొటారం అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. ఆ నాలుగు చేపలూ మా చేతిమీదుగానే పోయాయన్న సంగతి ఇప్పటికీ మరచిపోలేను.

విభాగాధిపతి గారు ఒక్కటే మాట అన్నారు: "ఈ రెండూ కూడా పోతే తొట్టె ఖాళీ చేసి స్టోరు రూములో పెట్టించండి. ప్రాణాలతో ఆటలొద్దు."

మురికి ఎక్కడిది?

తొట్టెలో వేసిన మేత అంతా చేప కండగా మారదు. కొంత తినకుండా మిగిలిపోతుంది. తిన్నదాంట్లో కొంత మలంగా బయటికి వస్తుంది. చేప ఒంటిమీది జిగురు కూడా నీటిలో కలుస్తూనే ఉంటుంది. వీటన్నిటిలోనూ మాంసకృత్తులు, కొవ్వులు ఉంటాయి. ఇవి నీటిలో కరిగి, కంటికి కనిపించకుండా ఉండిపోతాయి.

బాక్టీరియాకు ఇది విందు భోజనం. అవి ఈ పదార్థాలను కుళ్ళబెడుతూ నీటిలోని ప్రాణవాయువును వాడుకుంటాయి. ఉప్పునీటిలో అసలే ప్రాణవాయువు తక్కువ. 28 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద లీటరు మంచినీటిలో దాదాపు 7.8 మిల్లీగ్రాములు కరగగలిగితే, సముద్రపు నీటిలో 6.4 దగ్గరే ఆగిపోతుంది. పైన నూనె తెర కడితే గాలి లోపలికి పోవడం మరింత కష్టం. మా చేపలు నోళ్ళు తెరిచింది అందుకే.

మాంసకృత్తులు కుళ్ళితే అమ్మోనియా వస్తుంది. చేపలు మొప్పల ద్వారా విడిచే అమ్మోనియా దీనికి అదనం. నైట్రోసోమోనాస్ జాతి బాక్టీరియా దాన్ని నైట్రైటుగాను, వేరే జాతులు ఆ నైట్రైటును నైట్రేటుగాను మారుస్తాయి. మొదటి రెండూ చేపలకు విషం. మూడోది అంత ప్రమాదం కాదుగాని, పోగుపడితే మంచిది కాదు. సముద్రపు నీటి పి.హెచ్. 8 పైచిలుకు. క్షారగుణం పెరిగినకొద్దీ అమ్మోనియా విష ప్రభావం కూడా పెరుగుతుంది.

"ఫిల్టరు ఉంది కదా?" అనవచ్చు. ఫిల్టరు కంటికి కనిపించే చెత్తను పట్టుకుంటుంది. కాని ఆ చెత్త ఎక్కడికి పోయింది? స్పాంజిలోనే ఉంది, స్పాంజి నీటిలోనే ఉంది. ఇల్లు ఊడ్చి చెత్తను తలుపు మూలకు తోసినట్టన్నమాట. కరిగిపోయిన మాంసకృత్తులనైతే స్పాంజి అసలు ఆపనే ఆపదు. అవి కుళ్ళకముందే నీటిలోంచి పూర్తిగా బయటికి తీసేసే ఉపాయం కావాలి. ఆ పని చేసేదే స్కిమ్మర్.

పప్పు గిన్నెలోని సైన్సు

కందిపప్పు ఉడికేటప్పుడు అమ్మ గరిటెతో తెల్లని నురగ తీసి పారబోయడం మనందరం చూసిందే. ఆ తెట్టు ఎక్కడినుంచి వచ్చింది? పప్పులోని మాంసకృత్తులు, సాపోనిన్లు అనే పదార్థాలు బుడగలను పట్టుకుని పైకి వచ్చి నురగ కడతాయి. స్కిమ్మర్‌లో జరిగేదీ అదే, మంట ఒక్కటే ఉండదు.

మాంసకృత్తు అణువులో రెండు రకాల భాగాలుంటాయి. కొన్ని భాగాలకు నీరంటే ఇష్టం, కొన్నింటికి గిట్టదు. మొదటివి జలాకర్షకాలు, రెండోవి జలవిరోధులు. నీటి మధ్యలో ఉన్నంతసేపూ ఆ గిట్టని భాగానికి సుఖం లేదు. ఒక గాలి బుడగ దగ్గరకు వచ్చిందా, ఆ భాగం గాలివైపు తిరుగుతుంది, రెండో భాగం నీటిలోనే ఉంటుంది. అలా అణువు బుడగ చర్మానికి అంటుకుపోతుంది. ఇటువంటి అణువులు బుడగ చుట్టూ తొడుగులా చేరతాయి. బుడగ పైకి పోయేటప్పుడు వాటినీ మోసుకుపోతుంది. పైకి చేరిన బుడగలు వెంటనే పగిలిపోకుండా నురగగా నిలబడేది కూడా ఈ తొడుగు బలంతోనే. ఆ నురగతోపాటు కొన్ని కొవ్వులు, బాక్టీరియా, సన్నని మురికి రేణువులు కూడా వస్తాయి.

ఇంటర్మీడియెట్ రసాయనశాస్త్రంలో ముడిఖనిజాన్ని శుద్ధిచేసే నురుగు ప్లవన ప్రక్రియ చదువుకున్నాం కదా, ఇది దానికి చెల్లెలు వంటిది. అక్కడ నురగలో వచ్చేది మనకు కావలసిన ఖనిజం. ఇక్కడ నురగలో వచ్చేది మనకు అక్కరలేని మురికి.

బుడగ ఎంత చిన్నదైతే అంత మేలు

మురికి అంటుకునేది బుడగ ఉపరితలానికే కాబట్టి ఎంత ఉపరితలం ఉంటే అంత పని జరుగుతుంది. చిన్న లెక్క చూద్దాం. ఒక లీటరు గాలిని సెంటీమీటరు వ్యాసమున్న బుడగలుగా చేస్తే సుమారు 1900 బుడగలు వస్తాయి. వాటి మొత్తం ఉపరితలం 0.6 చదరపు మీటర్లు. అదే లీటరు గాలిని ఒక మిల్లీమీటరు బుడగలుగా చేస్తే దాదాపు 19 లక్షల బుడగలు. ఉపరితలం 6 చదరపు మీటర్లు. అంటే ఎనిమిదడుగుల పొడుగు, ఎనిమిదడుగుల వెడల్పు ఉన్న గది నేలంత! అర మిల్లీమీటరు చేస్తే 12 చదరపు మీటర్లు. గాలి అదే, ఖర్చు అదే.

పైగా చిన్న బుడగ నెమ్మదిగా పైకి పోతుంది. నీటితో ఎక్కువసేపు కలిసి ఉంటుంది కాబట్టి ఎక్కువ మురికిని పట్టుకుంటుంది. బజారులో దొరికే కొత్తరకం స్కిమ్మర్లలో పంపు చక్రానికి సన్నని సూదులుంటాయి. అవి గాలిని చిలికి చిలికి పాలలాంటి బుడగలుగా మారుస్తాయి. వాటి ఖరీదు మాకు అందలేదు.

"మరి మంచినీటి తొట్టెకు కూడా పెట్టవచ్చు కదా?" అని జూనియర్ ఒకతను అడిగాడు. మాకూ అదే సందేహం వచ్చి, పక్కనున్న మంచినీటి తొట్టెకు ఒక వారం పెట్టి చూశాం. గిన్నెలో చుక్క రాలలేదు. మంచినీటిలో చిన్న బుడగలు ఒకదానితో ఒకటి కలిసిపోయి పెద్దవైపోతాయి. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. ఆ లవణాలు బుడగలు కలిసిపోవడాన్ని అడ్డుకుంటాయి. సముద్రపు అలలో కనిపించే తెల్లని నురగ చెరువు అలలో కనిపించకపోవడానికి ఇది ఒక ముఖ్య కారణం.

మా గొట్టం కథ

నాలుగంగుళాల వ్యాసం, రెండున్నర అడుగుల ఎత్తు ఉన్న పారదర్శకమైన యాక్రిలిక్ గొట్టం ఒకటి సంపాదించాం. చిన్న పంపు ద్వారా తొట్టెలోని నీరు గొట్టం పైభాగానికి చేరి కిందికి దిగుతుంది. అడుగున పెట్టిన మెత్తని చెక్కముక్క రంధ్రాల గుండా గాలి సన్నని బుడగలుగా పైకి వస్తుంది. నీరు కిందికి, గాలి పైకి, రెండూ ఎదురుపడతాయి. శుభ్రపడిన నీరు అడుగునున్న పక్కగొట్టం గుండా మళ్ళీ తొట్టెలోకి పోతుంది. ఆ దారిలో ఉన్న వాల్వు తిప్పి గొట్టంలో నీటిమట్టాన్ని పెంచవచ్చు, తగ్గించవచ్చు. నురగ మాత్రం సన్నని మెడ గుండా పైకి ఎక్కి గిన్నెలో పడుతుంది.

మొదట మామూలు గాలిరాయి పెట్టాం. గుడగుడమని పెద్ద బుడగలు వచ్చాయి గాని నురగ రాలేదు. చెక్కముక్క పెట్టాక బుడగలు బాగా వచ్చాయి, అయినా నురగ మెడదాకా ఎక్కలేదు. ఒకరోజు, రెండు రోజులు, మూడు రోజులు. అటు చూస్తే ఆ రెండు క్లౌన్ చేపలు మూలకు చేరి మేత ముట్టడం లేదు. అప్పటికే సగం నీరు మార్చాం, మేత తగ్గించాం. రోజూ పొద్దున తలుపు తీయాలంటే గుండె దడదడలాడేది.

కొత్త గొట్టం పనిలో పడడానికి కొన్ని రోజులు పడుతుందని మాకప్పుడు తెలియదు. గొట్టం లోపలి గోడలకు సన్నని జిగురు పొర పట్టాకగాని నురగ సరిగ్గా నిలవదు. ఐదో రోజు పొద్దున ల్యాబ్ అటెండరు బాబాయి ముందుగా వెళ్ళి, వరండాలోకి వచ్చి కేకేశాడు: "బాబూ, ఇటు రండి! మీ గొట్టం మడ్డి కక్కింది!"

పరుగెత్తి చూస్తే గిన్నె అడుగున వేలెడు మందాన ముదురు గోధుమరంగు ద్రవం. మూత తీస్తే, చెప్పొద్దూ, కుళ్ళిన చేపల బుట్ట మూత తీసినట్టే ఉంది. బాబాయిది అనకాపల్లి వైపు. "మా ఊళ్ళో బెల్లం పెనం మీద మడ్డి తీసినట్టే ఉంది. మడ్డి తియ్యకపోతే బెల్లం నల్లబడిపోద్ది బాబూ" అన్నాడు. మా పాఠ్యపుస్తకం అరపేజీలో చెప్పేది అతను ఒక్క మాటలో చెప్పేశాడు. ఆ కంపు గిన్నెను చూసి ముగ్గురం సంతోషించామంటే మీరు నమ్మాలి. ఆ గిన్నెలోకి వచ్చిందంతా అప్పటివరకూ ఆ చేపలు పీల్చుకుంటున్న నీటిలో ఉన్నదే మరి.

పదిహేను రోజుల తరువాత మళ్ళీ తెల్ల కాగితం పెట్టి చూశాం. తెలుపు తెలుపుగానే కనిపించింది. క్లౌన్ చేపలు మేతకోసం పైకి రాసాగాయి. గొట్టం పుణ్యమా అని నీటికి గాలి కూడా బాగా అందుతున్నది.

ఆ తరువాత ఒక తమాషా జరిగింది. ఒకరోజు నేను తొట్టెలో చెయ్యిపెట్టి ఒక రాయి సర్దాను. గంటలో నురగ చప్పబడిపోయింది. గాలి వస్తున్నది, నీళ్ళు తిరుగుతున్నాయి, నురగ లేదు. పంపు పాడైందని విప్పి చూశాం. చివరికి తేలిందేమిటంటే, పొద్దున తలకు కొబ్బరినూనె రాసుకున్న చెయ్యి అది! నూనె, కొవ్వు తగిలితే నురగ విరిగిపోతుంది. మర్నాటికి దానంతటదే సర్దుకున్నది. సబ్బుతో కడిగి సరిగా తొలవని చెయ్యి పెడితే దీనికి పూర్తిగా వ్యతిరేకం. నురగ పొంగిపొర్లి నేలంతా పారుతుంది.

దీని శక్తి ఎంత?

జర్మనీలో 1960 దశకంలో ఎర్విన్ సాండర్ వంటివారు గాలితో నడిచే స్కిమ్మర్లను ప్రచారంలోకి తెచ్చారు. ఆ తరువాత బెర్లిన్ నగరంలోని అక్వేరియం అభిమానులు సజీవమైన రాళ్ళు, బలమైన స్కిమ్మర్ ఈ రెండిటినే నమ్ముకుని పగడాలను పెంచి చూపారు. దానికి బెర్లిన్ పద్ధతి అని పేరు వచ్చింది. నీటిని తిప్పి తిప్పి వాడే చేపల, రొయ్యల పెంపకం కేంద్రాల్లోనూ ఇదే సూత్రం ఉపయోగపడుతున్నది.

అయితే దీన్ని సర్వరోగ నివారిణి అనుకోవద్దు. పూర్తిగా నీటికే చుట్టమైన చక్కెరల వంటి పదార్థాలు బుడగను పట్టించుకోవు. అమ్మోనియా, నైట్రైటు, నైట్రేటు కూడా అంతే. ఒకసారి అవి తయారయ్యాక స్కిమ్మర్ చేసేదేమీ లేదు. అమెరికాలో పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ రసాయనశాస్త్ర ఆచార్యులు కెన్ ఫెల్డ్‌మన్ 2009లో వేర్వేరు స్కిమ్మర్లను కొలిచి చూశారు. నీటిలోని మొత్తం సేంద్రియ కర్బనంలో అవి తీయగలిగింది 20 నుంచి 35 శాతం మాత్రమేనని తేలింది. మిగిలినదానికి బాక్టీరియా, నీటి మార్పిడి, అన్నిటికన్నా ముఖ్యంగా మేత వేసే చేతి అదుపు కావాలి.

సముద్రం తన తెట్టు తానే తీసుకుంటుంది. గాలివాన వచ్చినప్పుడు ఒడ్డున పేరుకునే నురగలో ఇటువంటి సేంద్రియ పదార్థాలే ఉంటాయి. కాని దానికీ హద్దుంది. 2019 చివరలో చెన్నై మెరీనా తీరాన రోజుల తరబడి తెల్లని నురగ మోకాళ్ళెత్తున పేరుకున్నది. పిల్లలు అందులో ఆడుకున్నారు. శుద్ధిచేయని మురుగునీరు, సబ్బుపొడుల్లోని ఫాస్ఫేట్లు దానికి కారణమని అధికారులు చెప్పారు. మన తొట్టెలో మేము చేసిన తప్పునే ఊరంతా కలిసి సముద్రంలో చేస్తే జరిగేది అది. తొట్టెకైతే గొట్టం పెట్టాం. సముద్రానికి పెట్టలేం కదా!

తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ

ఇక అప్పగింతలు. గిన్నెను రెండు రోజులకొకసారి తప్పక ఖాళీ చేసి కడగండి. మెడ లోపలి జిగురును తుడవండి. అది పేరుకుంటే నురగ పైకి ఎక్కదు. చెక్కముక్కను కొద్ది వారాలకొకటి మార్చండి. కరెంటు పోయి వచ్చినప్పుడు దగ్గరుండి చూడండి, నురగ ఒక్కసారిగా పొంగవచ్చు. పదిహేను రోజులకొకసారి 20 లేక 30 లీటర్ల నీరు మార్చండి. నీరు ఆవిరై తగ్గితే మంచినీరే పోయండి. ఆవిరయ్యేది నీరే గాని ఉప్పు కాదు. హైడ్రోమీటరు 1.025 దగ్గర ఉండాలి. మేత ఒక్కరే వేయండి, వేసినట్టు గోడమీది పుస్తకంలో రాయండి. ఆ పుస్తకం మొదటి పేజీలో పోయిన నాలుగు చేపల లెక్క రాసి పెట్టాం. దాన్ని చింపవద్దు.

వేసవి సెలవుల్లో బాబాయి ఒక్కడే ఉంటాడు. అతని మీదే వదిలేయకుండా ఊళ్ళో ఉన్నవాళ్ళు వంతులు వేసుకోండి.

ముక్కు మూసుకోవడం తప్పు కాదు, మేమూ మూసుకున్నాం. కాని గిన్నె శుభ్రంగా, వాసన లేకుండా ఉన్నరోజున సంతోషించకండి. నురగ రావడం లేదని అర్థం. వెంటనే తెల్ల కాగితం తెచ్చి తొట్టె ఆ కొసన పెట్టి, ఈ కొస నుంచి ఒకసారి చూడండి.